తాళజ్ఞానం లేని సంపాదకుడు

పోయిన వారం సంపాదకుడి కూతురు వాళ్ల నాయన పెద్దకర్మకు దివసాల కార్డు వేయించడానికి మా షాపుకు వచ్చింది. ప్రొద్దుటూరులో ఇప్పుడు నాకు సొంతంగా డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దివసాల కార్డులు అన్నీ ఒకే కంప్యూటరులో చేస్తాను. ఫోటో తెరిచి, కింద పేరు కొట్టి, పేరు కింద ఏం వెయ్యాలని అడిగాను.

"రిటైర్డ్ గుమాస్తా, సొసైటీ అని ఎయ్యక్కా."

"పత్రిక సంపాదకుడు అని కూడా వేద్దామా?"

"అదొద్దులే. సూసినోళ్లు నవ్వుతారు. తాళం తెల్దని మా నాయనే అచ్చేసుకున్యాడు గదా."

వేయలేదు. కార్డు ఎవరు వేయిస్తే వాళ్ల మాటే చెల్లుతుంది. కాని ఆ పిల్ల చెప్పిన అచ్చు కంపోజు చేసింది నేను. అది ఎట్లా జరిగిందో తెలిసినవాళ్లం ముగ్గురం. పలక కొట్టే ఓబులేసు తాత రెండేళ్ల కిందట పోయాడు. ఈయన ఇప్పుడు పోయాడు. ఇక చెప్పినా ఎవరి కూడూ పోదు, చెప్పకపోతే నాకు కూడు సహించేట్టు లేదు.

ఆయన పత్రిక పేరు 'మోత'. పలక, డోలు, మృదంగం, బ్యాండు డ్రమ్ము, ఏదైనా సరే, చేత్తోనో పుల్లతోనో కొడితే మోగేవాటి గురించిన మాసపత్రిక. అట్లాంటిది రాష్ట్రం మొత్తానికి ఇదొక్కటేనని ఆయన గర్వంగా చెప్పేవాడు. రెండోది ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

అప్పుడు నేను వేరేవాళ్ల ప్రెస్సులో పని చేసేదాన్ని. ప్రతి నెలా మొదట్లో వచ్చేవాడు. తెల్ల చొక్కా, గొంతు దాకా గుండీలు, చేతిలో ఎరువుల కంపెనీ సంచి. నా పక్కన స్టూలు లాక్కుని, "పాపా, ఈ నెల మోత శానా ఉండాది" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట చెప్పని నెల లేదు. మోతలన్నీ అక్షరాల్లో రాసుకొచ్చేవాడు. నాకు కాగితం ఇచ్చేవాడు కాదు, తనే చదివేవాడు. "డం. గీత. డక. గీత. డక. సున్న." సున్న అంటే కొట్టకుండా ఆగే చోటు. నేను ఎక్కడైనా ఒక సున్న మింగితే ప్రాణం పోయినట్టు చూసేవాడు.

పలక మోగుతున్నప్పుడు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు. "రెండు లెక్కలు ఒగసారి ఇనగూడదు పాపా" అనేవాడు. పెళ్లిళ్లకు పోతే వధూవరుల దగ్గరికి పోడు, పందిట్లో కూర్చోడు, పలకలవాళ్ల పక్కన నిలబడతాడు. పెళ్లివారు ఈయన వాళ్ల పెద్ద అనుకుని చివరి బంతిలో వాళ్లతో పాటు కూర్చోబెట్టేవాళ్లు. ఈయనది భూములున్న రైతుల ఇల్లు. చుట్టాలెవరైనా చూసి చెయ్యి పట్టి లేపితే, సగం తిన్న ఆకు ముందు నుంచి లేవడం తప్పని చెప్పి తినేసి వచ్చేవాడు.

ఇంతకూ ఆయనకు ఏ వాయిద్యమూ వాయించడం రాదు. నవమికి వాళ్ల వీధి భజనలో తాళాలు చేతికిచ్చి చూశారట. పాట ఒక దారిన, ఈయన ఒక దారిన పోయారట. తర్వాతి ఏడు హారతి పళ్లెం పట్టుకునే పని ఇచ్చారు. దాన్ని కూడా ఎంతో శ్రద్ధగా చేసేవాడు.

పత్రిక పెట్టడానికి కారణం వాళ్లమ్మ చావు. పాడె ముందు పలక కొట్టుకుంటూ పోయిన మనిషి ముద్దనూరు దగ్గరి పల్లె ఓబులేసు. నడిచేకొద్దీ మోత మార్చుకుంటూ పోయాడట. ఈయన ఏడవడం మరిచిపోయి వింటూ నడిచాడు. సగం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, అమ్మను చెవిలో పిలువు అన్నారు. ఈయన పిలవకుండా వెనక్కి తిరిగి, "ఓబులేసూ, ఇప్పుడు మార్చి కొట్నావే, దాన్ని ఏమంటారు?" అని అడిగాడు. అన్నదమ్ములు ఆ సంగతి ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు, ఈయన లేని చోట.

మొదటి సంచిక ఆ మోతతోనే మొదలైంది. తర్వాత శీర్షికలు పెరిగాయి. పెళ్లి మోత, చావు మోత, పీర్ల మోత. వానాకాలంలో తోలు సాగకుండా ఏం చెయ్యాలి. మేకతోలా, దూడతోలా. చందాదారుల్లో ఎక్కువమంది రిటైరైన బడి అయ్యవార్లు. పలకలు కొట్టేవాళ్లలో ఒక్కడూ లేడు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, వచ్చినవాళ్లకు చదివి నేర్చుకోవలసిన ఖర్మ లేదు. అందుకని ఈయనే వాళ్ల వీధులకు పోయి ఊరికే పంచి వచ్చేవాడు.

ఒకసారి పీర్ల పండగకు పోయినప్పుడు చూశాడు. పలక మోగాలంటే తోలు బిగియాలి, తోలు బిగియాలంటే మంట ముందు కాచాలి. ఆ మంటకు 'మోత' సంచికలు చించి వేస్తున్నారు. ఈయన్ను చూసి వాళ్లేమీ దాచుకోలేదు. "మంచి కాయితమప్పా, తొందరగా అంటుకుంటాది" అన్నారు. మరుసటి నెల ప్రెస్సులో ఓనరును ఇంకొంచెం మందం కాగితం ఉందా అని అడిగాడు. చదివేవాళ్ల కోసమనుకున్నాడు ఓనరు. "అది శానాసేపు కాల్తాదంట" అన్నాడు ఈయన.

పత్రికను పట్టుకుని ఒక్కో అక్షరం చదివే మనిషి జిల్లాలో ఒక్కరే. జమ్మలమడుగులో మృదంగం మాస్టరు. సంచిక అందిన వారానికల్లా ఆయన కార్డు వచ్చేది. ఫలానా పుటలో మీ తాళం కుంటుతోంది, ఫలానా చోట మీ సున్న గాలికి కొట్టుకుపోయింది. చివర ప్రతిసారీ ఒకటే వాక్యం: వాయించలేనివాడికి వినడం కూడా రాదు. ఈయన ఆ కార్డులన్నిటినీ పొల్లుపోకుండా పాఠకుల ఉత్తరాల్లో వేసేవాడు. నాకే ఒళ్లు మండి ఒకసారి, ఇవి ఎందుకు సార్ వేస్తారు అన్నాను.

"ఆయప్ప ఇద్వాంసుడు పాపా. ఒగసారి, ఒగే ఒగ మోత, ఇది సరిగా ఇని రాసినావని ఆయప్ప నోట్లో నుంచి వస్తే సాలు. ఆ నెలే నిలిపేస్తా పత్రిక."

హాస్యానికి అన్నాడేమో అనుకున్నాను. కాదు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కంప్యూటరు వైపు చూశాడు. పాతికేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న మనిషికి కావలసింది ఆ ఒక్క మాట. పలకల వీధుల్లో 'మోత' పేరు చెబితే అగ్గిపెట్టె గుర్తొస్తుంది, అయ్యవార్ల ఇళ్లలో చెబితే నవ్వొస్తుంది. తాను విన్నది నిజంగా విన్నాడో లేదో చెప్పగలవాడు మాస్టరు ఒక్కడే.

అట్లా ఉండగా ఒక పెళ్లిళ్ల నెలలో మధ్యాహ్నం పూట ప్రెస్సులోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. సింహాద్రిపురం నుంచి. వెనక ఇంకో నలుగురు వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. పెద్దమనిషి చేతిలో 'మోత' పోయిన నెల సంచిక ఉంది. మా సంపాదకుడు స్టూలు మీదే ఉన్నాడు.

"ఈ పుస్తకం రాసేది ఎవురప్పా?"

"నేనే."

"మా అల్లుని పెండ్లి ఊరేగింపులో సావు మోత కొట్టించినావు."

ఆయన వరుడి మేనమామ. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు. "డీజే పెట్టిచ్చినాము. నడిబజారులో కరెంటు పాయ. జనరేటరు అందుకోలా. సరే, మీరు కొట్టండ్రా అంటే జమ్మలమడుగు బ్యాండు పిల్లోళ్లు ఎత్తుకున్యారు. మా ముసిలోళ్లు ఒగొగరే తలమింద గుడ్డ కప్పుకోబట్రి. మా అత్త ఏడుపు ఎత్తుకునింది, అలవాటు సొప్పున. ఎవురు పోయినారో ఆమెకూ తెల్దు, ఏడుస్తానే ఉండాది. పెండ్లికూతురోళ్లు మా మొకాలు సూస్తాండారు. ఆ పిల్లోళ్లను పట్టుకుంటే, ఇదో, ఈ పుస్తకంలో పెండ్లి మోత అని ఉండాది, సూసి నేర్సుకున్యాము అంటారు."

సంపాదకుడు గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

"పుస్తకం సూసి నేర్సుకున్యారా?"

"ఈ పుస్తకమే."

"ఆ పిల్లోళ్లందరూ ఒగటే తీరు కొట్నారా? యాడా తేడా రాలేదా?"

"ఒగటే తీరు కొట్నారు. అదే గదప్పా నా బాధ."

సంపాదకుడి ముఖం వెలిగిపోయింది. నన్ను పిలిచి అందరికీ టీ చెప్పమన్నాడు. వాయించేవాళ్లు తన పత్రిక చూసి వాయించారని ఆయనకు తెలియడం అదే మొదలు. మేనమామ కాసేపు ఆ ముఖం చూసి, ఈ మనిషిని తిట్టి లాభం లేదని తేల్చుకున్నాడు. టీ తాగి, మెల్లగా చెప్పాడు. "తప్పు ఎవురిదో వచ్చే నెల పుస్తకంలో ఎయ్యల్ల. పేరుతో సహా ఎయ్యల్ల. నేను దాన్ని మా వియ్యంకునికి సూపియ్యల్ల. ఎయ్యకపోతే మల్లా వస్తా." అన్నీ మర్యాదగానే అన్నాడు. గడప దగ్గరి నలుగురూ మాత్రం టీ తాగలేదు.

ఆ బ్యాండుది మాస్టరు ఊరే కాబట్టి, రెండు రోజులకు ఆయన కార్డు వచ్చింది. చచ్చినవాళ్లకూ బతికినవాళ్లకూ తేడా తెలియని పత్రిక జిల్లాలో మీదొక్కటే అని రాశాడు.

ఆ మోత ఓబులేసుది. ఆయన ఒక పెళ్లిలో కొట్టినప్పుడు ఈయన వెంట పోయి ఫోనులో పట్టుకుని రాసుకొచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆయన్నే అడగాలని బయల్దేరాడు. ప్రెస్సు పేరు కూడా ఆ పుస్తకం మీద ఉంది కాబట్టి, ఈసారైనా సరిగా రాసుకుని రమ్మని ఓనరు నన్ను తోడు పంపాడు.

ఓబులేసు తాత ఇంటి ముందు మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. పలక వసారాలో గోడకు వేలాడుతోంది, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది. మాకు టీ తెప్పించాడు. సంపాదకుడు జరిగింది చెప్పి, ఫోను మంచం మీద పెట్టి పట్టుకున్న మోత వినిపించాడు.

"ఇది సావుది" అన్నాడు తాత వెంటనే.

"పెండ్లిలో పట్టింది ఓబులేసూ. బాగా ఇను. ఎనకాల డీజే ఇనపడతాంది సూడు."

తాత తాడు పక్కన పెట్టాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. ఫోను దగ్గరికి వంగి విన్నాడు. డీజే కింద నుంచి, సన్నగా, పలక మోగుతోంది. విన్నంతసేపూ ఆయన కుడిచెయ్యి మోకాలి మీద ఆడుతూనే ఉంది. తర్వాత ఆగింది.

"నేను కొట్టిందే" అన్నాడు. "ఆ పొద్దు తెల్లార్తోనే సావుకి పోయినా. ఆడినుంచి ఈ పెండ్లికి. మద్దెన తానం జేసినా, గుడ్డలు మార్సినా. సెయ్యి మారలేదు."

సంపాదకుడు ఫోను ఆపాడు.

"డీజే మోతలో నేనేం కొడతాండానో నాకే ఇనపళ్లా. అంతమందిలో ఎవురికీ ఇనపళ్లా."

సంపాదకుడు చాలా మెల్లగా అడిగాడు. "అయితే నేను రాసింది?"

పత్రిక తీసి నన్ను చదవమన్నాడు. నేను చదివాను. డం, గీత, డక, సున్న. తాత కళ్లు మూసుకుని మంచం కోడు మీద వేళ్లతో కొట్టుకుంటూ పోయాడు. పూర్తయ్యాక కళ్లు తెరిచాడు.

"ఒగ సున్న గూడా తప్పలేదు. నేను కొట్టింది కొట్నట్ల రాసినావప్పా. ఆడ నిల్సున్నోళ్లలో ఇనింది నువ్వొక్కడివే."

సంపాదకుడు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక ఫోను తుడిచాడు.

తాత తాడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "తప్పు నాదే. నా పేరే ఎయ్యి" అన్నాడు. కొంచెం పేనాక, "ఎట్లనూ పెండ్లిండ్లకు పిల్సేది తగ్గిపాయ. సావులకైతే పిలుస్తారులే" అన్నాడు. అడుక్కున్నట్టు అనలేదు. వానలు లేవని చెప్పినట్టు అన్నాడు.

ముద్దనూరులో ప్రొద్దుటూరు బస్సు సిద్ధంగా ఉంది. సంపాదకుడు దాన్ని వదిలేసి జమ్మలమడుగు బస్సు ఎక్కాడు. మాస్టరుకు ఈ పొద్దే చెప్పాలన్నాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. "సేతికి రాకపాయ గాని, సెవికి తెలుసు పాపా. సెవికి తెలుసు." సవరణకు శీర్షిక ఏం పెట్టాలో, మాస్టరు కార్డును దాని పక్కన ఎట్లా వెయ్యాలో, ఓబులేసు మాటలను ఏ సైజులో కొట్టాలో చెప్పాడు. ఆయన అంత మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ సంతోషంగానే ఉంది. ఆ మాస్టరు ముఖం చూడాలని నేనూ తొందరపడ్డాను.

మాస్టరు ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. మనవరాలి పెళ్లట. మాస్టరు కుర్చీలో కూర్చుని గుంజలు సరిచేయిస్తున్నాడు. ఈయన్ను చూసి నవ్వాడు.

"రావయ్యా. ఎవర్ని సాగనంపి వస్తాండావు?"

పందిరివాళ్లు కూడా నవ్వారు. మాస్టరు వదల్లేదు. "ఇన్నేళ్లు చెప్పినా, నీకు వినేది రాదని. ఇప్పుడన్నా ఒప్పుకుంటావా? పలక అంటే ఓబులేసయ్యా. మా పాప పెండ్లికి వాణ్నే చెప్పి పంపినా. ఈ మూడు తాలూకాల్లో తప్పు కొట్టనోడు వాడొక్కడే. వాడు కొట్టింది తీసకపోయి ఏం రాసినావో ఏమో, వాని పరువు గూడా తీసేటట్టు ఉండావు."

నేను సంపాదకుడి వైపు చూశాను. ఫోను ఆయన చేతిలోనే ఉంది. ఒక మీట నొక్కితే చాలు. మాస్టరు నిజంగా తెలిసినవాడు, ఒక్కసారి వింటే ఒప్పుకుంటాడు. నేనే నోరు తెరవబోయాను.

"నిజమే మాస్టరూ" అన్నాడు సంపాదకుడు. "ఓబులేసు తప్పు కొట్టడు. నాకే తాళం తెల్దు."

మాస్టరు తృప్తిగా తల ఊపాడు. మజ్జిగ తాగి పొమ్మన్నాడు. తాగాము.

ప్రొద్దుటూరు బస్సులో నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఊరు దగ్గరపడుతుండగా ఆగలేక, ఎందుకు సార్ అట్లా చెప్పినారు అని అడిగాను.

"ఓబులేసుకు తాళం తెల్దంటే పెండ్లిండ్లు పోతాయి. నాకు తెల్దంటే ఏం పోతాది పాపా, హారతి పళ్లెం ఎట్లనూ నా సేతిలోనే ఉండాది" అన్నాడు. నవ్వించాలని చూశాడు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు సవరణ చెప్పి రాయించాడు. 'గత సంచికలో పెళ్లి మోతగా ప్రచురించినది చావు మోత. సంపాదకుడికి తాళజ్ఞానం లేనందువల్ల ఈ పొరపాటు జరిగింది. వాయించినవారి దోషమేమీ లేదు.' అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాడు. చేశాను. కింద తన పేరు వెయ్యమన్నాడు. వేశాను. మేనమామ వచ్చి తన వియ్యంకుడి కోసం ఒక కాపీ పట్టుకుపోయాడు. ఆ నెల వచ్చినన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. తాళం తెలియనివాడికి తాళాల పత్రిక ఎందుకని అయ్యవార్లు ఒక్కొక్కరే చందా ఆపేశారు. వాళ్లు రాసిన దాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఇంకో రెండు సంచికలు వచ్చి 'మోత' ఆగిపోయింది.

ఆగకముందు ఒకరోజు ఓబులేసు తాత ప్రెస్సుకు వచ్చాడు. మాస్టరు ఇంటి పెళ్లిలో వాయించి, అట్నుంచి అటే వచ్చాడు. భుజాన పలక ఉంది. "ఆయప్ప ఏందో రాసినాడంట, సదువమ్మా" అన్నాడు. సవరణ చదివాను. మూడు వాక్యాలే. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. పలక కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"అబద్ధం రాసినాడు" అన్నాడు చివరికి. "అట్ల ఇనేటోన్ని నేను మా పలకలోళ్ల ఇండ్లల్లో గూడా సూడలేదు."

పోయేటప్పుడు, ఈ మాట ఆయప్పతో చెప్పమ్మా అన్నాడు.

తర్వాతి నెల సంపాదకుడు సంచితో వచ్చి స్టూలు లాక్కున్నాడు. తాత వచ్చి పోయాడని చెప్పాను.

"సదివిచ్చుకున్యాడా? ఏమన్యాడు?"

"మీరు అబద్ధం రాసినారన్నాడు సార్. మీలాగా వినేవాణ్ని వాళ్ల ఇళ్లల్లో కూడా చూడలేదన్నాడు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నా ముందే, దాచుకోకుండా.

"ఇంగోసారి సెప్పు పాపా" అన్నాడు.